శరీరం అసలు దేన్ని కొలుస్తుంది?

మీరు అడిగింది ఇది: మెట్లెక్కితే గుండె వేగం పెరుగుతుంది, ఎండలో తిరిగితే చెమట పడుతుంది, రాత్రంతా ఏమీ తినకపోయినా రక్తంలో చక్కెర పడిపోదు, నీళ్లు సరిగ్గా తాగని రోజు మూత్రం తగ్గిపోతుంది. ఎప్పుడు ఎంత పని చేయాలో ఈ అవయవాలకు ఎవరు చెబుతున్నారు? అన్నీ మెదడే చూసుకుంటుందా, లేక దేనికదే తెలుసుకుంటుందా?

ఇరవై ఏళ్లకు పైగా ఫిజియాలజీ పాఠాలు చెప్పాను. ఈ ప్రశ్న వేసిన ప్రతి విద్యార్థికీ ముందుగా దొరికే జవాబు "హోమియోస్టాసిస్" అన్న ఒక్క మాట. 1926లో అమెరికన్ ఫిజియాలజిస్టు వాల్టర్ కానన్ పెట్టిన పేరు అది. శరీరం లోపలి పరిస్థితి పెద్దగా మారకుండా నిలబడుతుందని దాని అర్థం. మాట సరైనదే. కానీ అది జరుగుతున్నదానికి పేరు పెడుతుందే తప్ప ఎలా జరుగుతోందో చెప్పదు. పరీక్షలో ఆ మాట రాసి మార్కులు తెచ్చుకుని, అసలు సంగతి తెలియకుండానే బయటపడిన పిల్లల్ని చాలామందిని చూశాను.

నేనైతే వేరే చోట మొదలుపెడతాను. శరీరం తనకు కావలసినదాన్ని చాలాసార్లు నేరుగా కొలవదు. దానికి గుర్తుగా పనికొచ్చే ఇంకోదాన్ని కొలుస్తుంది. కణాలకు కావలసింది రక్త ప్రవాహం, శరీరం కొలిచేది రక్తపోటు. కావలసింది ఆక్సిజన్, ముఖ్యంగా కొలిచేది కార్బన్ డయాక్సైడ్. కావలసింది నీళ్లు, ముందుగా కొలిచేది రక్తం ఎంత ఉప్పగా ఉందన్నది. మామూలు రోజుల్లో ఈ గుర్తులు నిజమే చెబుతాయి. చెప్పని రోజు ఏమవుతుందో కూడా రాస్తాను, ఎందుకంటే చాలా జబ్బుల మూలం అక్కడే ఉంది.

మొదట ఒక చిన్న ప్రయోగం చేయండి. మా ల్యాబ్‌లో ప్రతి ఏడాదీ మొదటి వారంలో ఇదే చేయించేవాణ్ణి. అయిదు నిమిషాలు కదలకుండా వెల్లకిలా పడుకోండి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. ఇప్పుడు లేచి నిలబడి, వెంటనే మళ్లీ లెక్కపెట్టండి. నిమిషానికి పదో పదిహేనో, ఒక్కోసారి ఇరవయ్యో పెరుగుతుంది. (మణికట్టు దగ్గరే చూడండి. మెడ దగ్గర గట్టిగా నొక్కితే ఫలితం మారిపోతుంది. ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.)

మీరు పరుగెత్తలేదు, భయపడలేదు. నిలబడ్డారంతే. అయినా గుండె ఎందుకు తొందరపడింది? నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొత్తికడుపులోకి దిగిపోతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, గుండె పంపేదీ తగ్గుతుంది, మెడ దగ్గర పోటు పడుతుంది. దవడ మూల కింద, మెడలోని పెద్ద ధమని రెండుగా చీలే చోట, దాని గోడలో సన్నటి నరాల చివరలు ఉన్నాయి. గోడ ఎంత సాగితే అవి అంత గబగబా సంకేతాలు పంపుతాయి. పోటు పడగానే గోడ సాగడం తగ్గి, సంకేతాలు పలచబడతాయి. మెదడు కింది భాగంలో ఉన్న మెడుల్లా ఆ మార్పును గమనించి గుండెను తొందరపెడుతుంది, పేగులకూ చర్మానికీ కండరాలకూ వెళ్లే రక్తనాళాలను బిగిస్తుంది. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది. మెడ నొక్కితే ఈ నరాలకు గోడ సాగినట్టే అనిపిస్తుంది. పోటు ఎక్కువైందనుకుని గుండె నెమ్మదిస్తుంది.

ఆ తొందరపెట్టడంలోనూ ఒక విశేషముంది. గుండెను ఏ నరమూ తాకకుండా వదిలేస్తే అది తనంతట తాను నిమిషానికి సుమారు వందసార్లు కొట్టుకుంటుంది. మనం ఊరికే కూర్చున్నప్పుడు డెబ్బై దగ్గర ఉందంటే, వేగస్ అనే నరం దానికి పూటంతా బ్రేకు వేసి ఉంచుతున్నదన్న మాట. లేచి నిలబడగానే జరిగే మొదటి పని ఆ బ్రేకు వదలడం. అందుకే గుండె ఒకటి రెండుసార్లు కొట్టుకునేలోపే వేగం మారుతుంది. గుండె మార్పిడి చేయించుకున్నవారిలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఆపరేషన్‌లో ఆ నరాలు తెగిపోతాయి కాబట్టి కూర్చున్నా వారి గుండె తొంభైకి పైనే ఉంటుంది. మెట్లెక్కడం మొదలుపెట్టినా వెంటనే పెరగదు, రక్తంలో అడ్రినలిన్ పెరిగి గుండెను చేరేదాకా ఆగాలి. ఎక్కడం ఆపాక దిగిరావడానికీ టైమ్ పడుతుంది. అందుకే వ్యాయామానికి ముందు కాస్త ఎక్కువసేపు వార్మప్ చేయమని వారికి చెబుతారు.

ఇక అన్నీ మెదడే చూస్తుందా అన్న మాటకొద్దాం. చూడదు. చూడలేదు కూడా. తొడ కండరంలో ఏ మూల ఎంత రక్తం కావాలో మెదడుకు తెలిసే దారి లేదు. పనిచేసే కండరం ఆక్సిజన్ వాడేసుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్‌నూ ఆమ్లాన్నీ పొటాషియాన్నీ అడినోసిన్‌నూ బయటికి వదులుతుంది. వీటి ప్రభావంతో పక్కనే ఉన్న చిన్న ధమనులు అక్కడికక్కడే వదులవుతాయి, రక్తం ఎక్కువగా వస్తుంది, పేరుకున్నవన్నీ కొట్టుకుపోతాయి. పని ఆపితే మళ్లీ బిగుసుకుంటాయి. ఎవరి ఆజ్ఞా అక్కర్లేదు.

పెద్ద అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ఏర్పాటును ఊహించుకోండి. ఎవరింట్లో కుళాయి వాళ్లు తిప్పుకుంటారు. మోటారు దగ్గరున్న మనిషి ఇల్లిల్లూ తిరగడు, ట్యాంకులో మట్టం పడిపోకుండా చూసుకుంటాడంతే. మట్టం నిలిస్తే ఎవరికి కావలసినంత వాళ్లు పట్టుకోగలరు. రక్తపోటు ఆ మట్టం లాంటిది. శరీరం ప్రవాహాన్ని కొలవకుండా పోటును కాపాడుకోవడంలో ఉన్న తెలివి ఇదే. ఒక్క సంఖ్యను నిలబెడితే చాలు, పంపకం దానంతటదే జరిగిపోతుంది.

పంపకం ఎంతగా మారుతుందో చూడండి. విశ్రాంతిలో గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్లు పంపుతుంది. అందులో కండరాలన్నిటికీ కలిపి దక్కేది లీటరు. బాగా పరుగెత్తేటప్పుడు మామూలు ఆరోగ్యవంతుడి గుండె 20 లీటర్ల దాకా పంపుతుంది, అందులో 80 శాతం పైగా కండరాలకే. పేగులకు, కిడ్నీలకు వెళ్లేది బాగా తగ్గిపోతుంది. మెదడుకు మాత్రం కూర్చున్నా, పరుగెత్తినా నిమిషానికి ముప్పావు లీటరు అటూ ఇటూగా అందుతూనే ఉంటుంది.

అన్ని కుళాయిలూ ఒకేసారి పూర్తిగా తెరిస్తే? ఒంట్లోని కండరాలన్నీ పూర్తిగా వదులైతే అవి గుంజుకునేంత రక్తాన్ని గుండె పంపలేదు. అందుకే తీవ్రమైన శ్రమలో పనిచేస్తున్న కండరాల నాళాలను కూడా మెదడు కాస్త బిగిస్తుంది. దీనికి ఎండ తోడైతే పోటీ మరీ పెరుగుతుంది. వేడిని బయటికి పంపాలంటే చర్మానికి రక్తం కావాలి. బాగా వేడెక్కిన శరీరంలో చర్మమొక్కటే నిమిషానికి 6 నుంచి 8 లీటర్లు తీసుకోగలదు. కండరానికి కావాలి, చర్మానికి కావాలి, చెమటతో రక్తంలో నీరు తగ్గుతూ ఉంది. ఒక హద్దు దాటాక శరీరం పోటువైపే నిలుస్తుంది, చర్మానికి కోత పెడుతుంది. ఆ తర్వాత ఉష్ణోగ్రత పైకి ఎగబాకుతుంది. ఎండలో శ్రమ చేస్తూ వడదెబ్బ తినడంలో ఈ కోతకు పెద్ద భాగముంది. అందుకే ఎండలో పనిచేసేవారిని "నీళ్లు తాగు" అని వదిలేస్తే సరిపోదు, పని ఆపి నీడకు రమ్మనాలి. కండరం కుళాయి కట్టేస్తే తప్ప చర్మానికి వాటా దొరకదు.

పోటును కాపాడే ఈ పద్ధతి నుంచే మరో సంగతి. గట్టిగా పరుగెత్తి గీత దాటగానే నిలబడిపోకండి. అప్పటిదాకా కాళ్ల కండరాలు పిండుతూ రక్తాన్ని పైకి తోస్తున్నాయి. ఆగగానే ఆ తోపుడు ఆగిపోతుంది, నాళాలు మాత్రం ఇంకా వెడల్పుగానే ఉంటాయి. కళ్లు తిరిగి పడిపోయేది ఇక్కడే. అయిదు నిమిషాలు నెమ్మదిగా నడవండి.

ఇప్పుడు ఊపిరి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది, దయచేసి జాగ్రత్తగా చదవండి. ఊపిరి బిగపట్టి చూడండి. కాసేపటికి ఇక ఆగలేననిపిస్తుంది. ఆక్సిజన్ అయిపోయిందనుకుంటాం. అప్పటికి ఆక్సిజన్ పెద్దగా తగ్గనే లేదు, మనల్ని తొందరపెడుతున్నది పేరుకున్న కార్బన్ డయాక్సైడ్. ధమనుల రక్తంలో దాని పీడనం మామూలుగా 40 మిల్లీమీటర్లు, పాదరసం లెక్కలో. అది ఒక్క మిల్లీమీటరు పెరిగితే చాలు, మనం నిమిషానికి పీల్చే గాలి సుమారు రెండు లీటర్లు పెరుగుతుంది. అదే ఆక్సిజన్ పీడనమైతే మామూలు 95 దగ్గర్నుంచి 60 దాకా పడితే తప్ప ఊపిరి గట్టిగా పెరగదు. ఆక్సిజన్‌ను కొలిచే చిన్న కణాల ముద్దలు మెడ ధమని పక్కనే ఉన్నాయి, వాటి పనిని బయటపెట్టినందుకే కోర్నెయ్ హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది. కానీ రోజువారీ పెత్తనం కార్బన్ డయాక్సైడ్‌దే.

ఇది మంచి ఏర్పాటే. ఊపిరి తగ్గితే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, రెండూ జంటగా నడుస్తాయి. పైగా కార్బన్ డయాక్సైడ్‌ను చూసుకుంటే రక్తంలో ఆమ్లం కూడా అదుపులో ఉంటుంది. ఆ జంట విడిపోయినప్పుడే ముప్పు. ఈతకు దిగే కుర్రాళ్లు నీటి అడుగున ఎక్కువసేపు ఉండాలని ముందుగా గబగబా, లోతుగా ఊపిరి తీస్తారు. దానివల్ల ఆక్సిజన్ నిల్వ పెద్దగా పెరగదు, రక్తంలో హిమోగ్లోబిన్ అప్పటికే 97, 98 శాతం నిండి ఉంటుంది. తగ్గేది కార్బన్ డయాక్సైడ్. ఇక నీటిలో ఉండగా ఆక్సిజన్ ప్రమాదపు గీత కిందికి జారిపోతున్నా, కార్బన్ డయాక్సైడ్ ఇంకా "పైకి రా" అనే మట్టానికి చేరదు. ఉక్కిరిబిక్కిరి అవ్వకుండా, చేతులు కొట్టుకోకుండా, నిశ్శబ్దంగా స్పృహ తప్పుతుంది. ఈత బాగా వచ్చినవాళ్లే, లోతు లేని కొలనులోనే ఇలా పోతుంటారు. మీ ఇంట్లో ఈత నేర్చుకునే పిల్లలుంటే ఈ ఒక్క పేరా చదివి వినిపించండి.

ఎత్తైన కొండల మీద జంట మరోలా విడిపోతుంది. గాలిలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి ఊపిరి పెరుగుతుంది, దాంతో కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిపోతుంది. "ఇంత ఊపిరి అక్కర్లేదు" అని అది వెనక్కి లాగుతుంది. ఈ లాగులాటను తీర్చేది కిడ్నీ. రెండు మూడు రోజులపాటు క్షార గుణమున్న బైకార్బొనేట్‌ను మూత్రంలో వదిలేసి రక్తాన్ని సర్దుతుంది, అప్పుడు ఊపిరి ఇంకా స్వేచ్ఛగా పెరుగుతుంది. కొండ ఎక్కేవారిని మధ్యలో ఆగి ఆగి వెళ్లమనడానికి కారణం ఇదే, ఊపిరితిత్తుల పనికి కిడ్నీ సాయం అందేదాకా ఆగాలి. కిడ్నీ మరో పని కూడా చేస్తుంది. ఆక్సిజన్ తగ్గిందని గ్రహించి ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ వదులుతుంది. హార్మోన్ కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, ఎర్ర రక్తకణాలు తగినన్ని తయారవడానికి మాత్రం వారాలు పడుతుంది. కణాలు ఆక్సిజన్ కొరతను ఎలా పసిగడతాయో తేల్చినందుకు విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెన్జాలకు 2019లో నోబెల్ ఇచ్చారు.

ఒక మాట మరిచిపోకముందే చెప్పాలి. శరీరం ప్రతిదానికీ లెక్క తప్పేదాకా ఆగి దిద్దుకుంటుందనుకోకండి. ఓ మోస్తరు వ్యాయామంలో ఊపిరి ఎన్నో రెట్లు పెరిగినా ధమనుల్లో కార్బన్ డయాక్సైడ్ దాదాపు కదలదు. కాళ్లను కదపమని ఆజ్ఞ ఇచ్చేటప్పుడే మెదడు ఆ కబురును ఊపిరి కేంద్రానికీ అందిస్తుంది, కదులుతున్న కీళ్లూ కండరాలూ మరో కబురు పంపుతాయి. పరుగు పందెంలో ఈల వేయకముందే గుండె వేగం పెరగడం అందరికీ అనుభవమే. దాన్ని టెన్షన్ అంటాం. శరీరం లెక్కలో అది ముందస్తు ఏర్పాటు.

నీళ్ల సంగతి. మెదడు లోపలి హైపోథాలమస్ అనే భాగంలో కొన్ని కణాలు రక్తం చిక్కదనాన్ని, అంటే అందులో కరిగిన ఉప్పు వగైరాల పాళ్లను చూస్తుంటాయి. ఒకటి రెండు శాతం పెరిగినా పీయూష గ్రంథి నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్ వస్తుంది, దాహం వేస్తుంది, కిడ్నీ నీటిని వెనక్కి పట్టుకుంటుంది. కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో ఒకటిన్నర, రెండు లీటర్లు తప్ప మిగతాదంతా వెనక్కి ఇచ్చేస్తాయి. అవసరాన్ని బట్టి మూత్రం రోజుకు అర లీటరుకు తగ్గగలదు, పది లీటర్లు దాటగలదు. ఇక్కడా ముందస్తు లెక్క ఉంది. నీళ్లు తాగిన నిమిషంలోనే దాహం తగ్గుతుంది కదా, అప్పటికి ఆ నీళ్లు రక్తంలోకి చేరనే లేదు. నోరూ గొంతూ పంపిన కబురుతోనే మెదడు దాహాన్ని సర్దేస్తుంది.

ఈ కొలత ఎప్పుడు మోసపోతుందంటే, చెమటతో ఉప్పూ నీరూ రెండూ పోయినప్పుడు వట్టి నీళ్లు మాత్రమే, అదీ దాహానికి మించి తాగితే. సుదీర్ఘమైన పరుగు పందేల్లో కొందరికి రక్తంలో సోడియం పడిపోయి అయోమయం, ఫిట్స్ వచ్చేది ఇలాగే. గంటల తరబడి పరుగెత్తేటప్పుడు దాహాన్ని బట్టి తాగడం మంచిది, లెక్కపెట్టుకుని బలవంతాన తాగడం మంచిది కాదు.

చక్కెర విషయం త్వరగా చెప్పేస్తాను, అక్కడ మర్మం తక్కువ. క్లోమంలోని కణాలు గ్లూకోజ్‌ను నేరుగానే కొలుస్తాయి. ఒక మనిషి మొత్తం రక్తంలో ఉండే గ్లూకోజ్ నాలుగైదు గ్రాములు, చెంచాడు. దాన్ని నిలబెట్టేది లివర్, అందులో గ్లూకోజ్ నిల్వ రూపమైన గ్లైకోజెన్ సుమారు వంద గ్రాములు ఉంటుంది. రాత్రంతా మీరు నిద్రపోతే దాన్ని కొద్దికొద్దిగా విడుదల చేస్తూ మెదడును పోషిస్తుంది, అది తరిగే కొద్దీ అమైనో ఆమ్లాల నుంచీ లాక్టేట్ నుంచీ కొత్తగా గ్లూకోజ్ తయారుచేస్తుంది. పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజ్‌ను లోపలికి తీసుకోగలదు. షుగర్ ఉన్నవారిని నడవమనడానికి బలమైన కారణాల్లో ఇదొకటి.

నెమ్మదిగా వచ్చే మార్పులనూ ఇదే కళ్లతో చూడొచ్చు. రోజూ కొంతసేపు వేడిలో శ్రమ చేస్తే పది, పద్నాలుగు రోజుల్లో చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా వస్తుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, రక్తంలోని ద్రవ భాగం, అంటే ప్లాస్మా, పెరుగుతుంది. ఎముక తన మీద పడే ఒత్తిడిని కొలుచుకుంటుంది. టెన్నిస్ ఆటగాళ్లకు రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతికన్నా మందంగా ఉంటుంది. బరువే తెలియని అంతరిక్షంలో వ్యోమగాములకు తుంటి లాంటి ఎముకల్లో నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం ఖనిజ సాంద్రత తగ్గుతుంది. శరీరం తప్పు చేయడం లేదు, వాడనిదానికి ఖర్చు మానుకుంటోంది. మంచం పట్టిన పెద్దవాళ్లకు జరిగేదీ అదే. అందుకే ఆపరేషన్ అయిన మర్నాడే డాక్టర్లు లేపి నడిపిస్తుంటే "పాపం, పడుకోనివ్వొచ్చు కదా" అనుకోకండి.

చివరిగా, ఈ పాఠం నాకు పూర్తిగా అర్థమైన సందర్భం. విద్యార్థులను వార్డుకు తీసుకెళ్లినప్పుడు గుండె బలహీనపడిన ఒక పెద్దాయన మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. పాదాలు ఉబ్బిపోయాయి, బొటనవేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు అలాగే ఉంది. ఊపిరితిత్తుల్లోనూ నీరు చేరింది. ఆయన ఒక పిల్లవాణ్ణి అడిగారు: "ఒళ్లంతా నీరేనంటున్నారు కదా బాబూ, మరి నాకు ఇంత దాహమెందుకు?"

ఆ పిల్లవాడు నా వైపు చూశాడు. మంచం పక్కనే నిలబడి చెప్పాను. గుండె నీరసించి తక్కువ రక్తం పంపుతోంది. ధమనుల్లో ఉన్న కొలత సాధనాలకు తెలిసేది అక్కడ నిండుదనం తగ్గిందని మాత్రమే. గుండె చెడిందా, గాయమై రక్తం పోయిందా అన్న తేడా వాటికి తెలియదు. కిడ్నీకి అందే రక్తమూ తగ్గింది, దానికీ అదే అనుమానం. కాబట్టి రక్తం కారిపోతున్న మనిషిని బతికించడానికి చేసేదంతా శరీరం చేస్తుంది. కిడ్నీ రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది, దానివల్ల తయారయ్యే యాంజియోటెన్సిన్ నాళాలను బిగిస్తుంది, ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్ ఉప్పును పట్టి ఉంచుతుంది, ఉప్పు వెంట నీరు నిలుస్తుంది. ఆ యాంజియోటెన్సినే మెదడుకు దాహం పుట్టిస్తుంది. గాయపడినవాడికైతే ఇది ప్రాణం పోస్తుంది. ఈయనకు మాత్రం అలసిన గుండె మీద ఇంకా బరువు పెడుతోంది.

దీనికి వాడే మందుల్లో చాలావరకు గుండెను కొరడాతో అదిలించేవి కావు, శరీరం చేస్తున్న ఈ రక్షణను అడ్డుకునేవి. యాంజియోటెన్సిన్ తయారీని ఆపే ఎనలాప్రిల్‌తో తీవ్రమైన గుండె వైఫల్యంలో మరణాలు తగ్గుతాయని 1987లో తేలింది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లను ఒకప్పుడు ఇలాంటి రోగులకు ఇవ్వనే కూడదనేవారు. 1990లలో జరిగిన పరీక్షల తర్వాత అవే ముఖ్యమైన మందులయ్యాయి.

ఆ పెద్దాయనకు ఇంటికెళ్లాక చేయమని చెప్పింది ఒకటే: రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాసుకోండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, కిడ్నీ పట్టి ఉంచిన నీరు. కాళ్లు ఉబ్బేదాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకు చెప్పండి.